మూలాపేట మేడ: గదులు పంచుకున్నారు సరే, మిద్దె మీది వాన ఎవరి వాటా?

నెల్లూరు మూలాపేటలో, మూలస్థానేశ్వరస్వామి గుడికి దగ్గర్లో, నూరేళ్ళు దాటిన మేడ ఒకటి ఉంది. ఇంటివాళ్ళు కోరారు కాబట్టి వీధి పేరు, ఇంటిపేరు రాయడం లేదు. 2021 నవంబరు వానల్లో ఆ మేడ వెనకవైపు ఒక గది కప్పు కూలింది. ఆ రోజుల్లోనే పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, జాతీయ రహదారి తెగింది. ఊరంతా ఆ కష్టంలో ఉండగా ఈ కప్పు సంగతి వీధి దాటలేదు. అదృష్టం కొద్దీ ఆ గదిలో అప్పుడు ఎవరూ లేరు. తర్వాత శిథిల భవనం అని నోటీసు వచ్చింది. డెవలప్‌మెంట్‌కి అడుగుతున్న ఒక బిల్డరుకు వాటాదార్లలో ఎక్కువమంది సరేననే స్థితికి వచ్చారు.

పాత కట్టడాల మరమ్మతు నా వృత్తి. నన్ను పిలిచి వాళ్ళు అడిగింది ఒక్కటే: ఇల్లు నిలబడుతుందా, పడగొట్టాలా, ఏదో ఒకటి కాగితం మీద రాసివ్వండి. ఆ కాగితం రాయడానికి ముందు ఇంటి కొలతలతో పాటు ఇంటి కథ కూడా తెలుసుకోవలసి వచ్చింది. ఈ మేడ వయసు వల్ల చెడలేదు. కుటుంబం దశ మారిన ప్రతిసారీ వాన నీళ్ళ దారి కూడా మారింది. ఆ దారి ఎక్కడ మూసుకుపోయిందో అక్కడే ఇల్లు చెడింది.

కట్టినప్పటి తీరు

1855లో పెన్నా మీద ఆనకట్ట వచ్చాక నెల్లూరు డెల్టాలో తరి (మాగాణి) సాగు స్థిరపడింది. 1899కి మద్రాసు, బెజవాడల మధ్య రైలు దారి కలిసింది. మొలగొలుకులు అనే నెల్లూరు వడ్లు పండించినవాళ్ళ దగ్గర, కొని మద్రాసుకు పంపినవాళ్ళ దగ్గర డబ్బు ఆడింది. ఈ మేడ కట్టించిన పెద్దాయన ఆ రెండు పనులూ చేశారు. వీధివైపు అరుగులు, వసారా, నడిమధ్య మండువ, చుట్టూ గదులు, వెనక బావి, ఆ వెనక వరసగా వడ్ల కొట్లు, చివర బండ్ల సావిడి. కొట్లలో ఎన్ని పుట్లు పోశారో గోడల మీద మసిగీతలతో గుర్తులు పెట్టుకున్నారు. మేం పై పొరలు గీకినప్పుడు అవి బయటపడ్డాయి.

గోడలు రెండడుగుల మందం, ఇటుక, సున్నం. కింది అంతస్తు కలప అంతా బర్మా టేకు. పై హాలు తర్వాత వేసింది. దాని ఇనుప దూలాల మీద ఇంగ్లండులోని మిడిల్స్‌బరో డోర్మన్ లాంగ్ కంపెనీ ముద్ర ఉంది. రెండో కొడుకు పెళ్ళికి ఆ హాలు వేశారని ఇంట్లో చెప్పుకుంటారు.

కప్పు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మిగతా కథంతా దాని మీదే నడుస్తుంది. ఇది మద్రాస్ టెర్రస్ పద్ధతి. దూలాల మీద అడుగున్నర ఎడంతో టేకు దంతెలు, అంటే సన్నటి అడ్డకర్రలు, వేస్తారు. దంతెల మీద సన్నటి చిన్న ఇటుకలను అంచు మీద నిలబెట్టి, మూలవాటుగా, ఒకదానికొకటి సున్నంతో అతికిస్తూ పోతారు. కింద సెంట్రింగు ఏమీ ఉండదు. ప్రతి వరసా తనకు ముందున్న వరసను పట్టుకునే నిలబడుతుంది. దాని మీద ఇటుక ముక్కలు, సున్నం కలిపి మూడంగుళాల మందం పోసి, బెల్లం, కరక్కాయ నానిన నీళ్ళు చల్లుతూ కొయ్య దిమ్మెలతో రోజుల తరబడి కొడతారు. ఆపైన పలక పెంకులు పరుస్తారు. ఇలాంటి కప్పు ఎన్ని తరాలైనా ఉంటుంది, రెండు విషయాలు తప్పకుండా చూసుకుంటే చాలు. పడిన నీరు నిలవకూడదు. లోపలికి ఇంకిన కాస్త తేమ తిరిగి ఆరిపోవాలి. మన జిల్లాలో వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపు, వాయుగుండాలతో, రెండు మూడు రోజులు ఏకబిగిన పడతాయి. అందుకే కట్టిన మేస్త్రీలు కప్పుకు మంచి వాలు పెట్టి, పిట్టగోడ అడుగున పదకొండు తూములు వదిలారు. మండువలో పడిన నీరు రాతి కాలువలో తూర్పుగా సాగి వీధి కాలువలో కలిసేది.

దశ తిరిగిన వరస

పెద్దాయన 1956కి ముందే పోయారు. ఇద్దరు కొడుకులు కొంతకాలం ఉమ్మడిగానే ఉన్నారు. 1973 భూసంస్కరణల చట్టం 1975 జనవరి 1 నుంచి అమలైంది. రెండు పంటలు పండే తరి అయితే 10 నుంచి 18 ఎకరాలు, మెట్ట అయితే 35 నుంచి 54 ఎకరాలు మించి కుటుంబానికి ఉండకూడదని ఆ చట్టం. మిగులు భూమి లేనివాళ్ళకు పోవడం న్యాయమేనని నా అభిప్రాయం. మేడ వైపు నుంచి చూస్తే మాత్రం ఏటా పంట డబ్బులోంచి జరిగే పని ఒకటి ఆగిపోయింది. సంక్రాంతికి ముందు వెల్ల వేయడం, పగిలిన పెంకులు మార్చడం, తూములు శుభ్రం చేయడం అంతవరకూ వడ్ల లెక్కలో కలిసిపోయేది. వడ్లు తగ్గాక అది ఖర్చుగా కనపడసాగింది.

ఆ తర్వాత అన్నదమ్ములు విడిపోయారు. మండువ మధ్యలో ఆరడుగుల గోడ లేచింది. గోడ కట్టిన మేస్త్రీకి కింద ఉన్న రాతి కాలువ గురించి ఎవరూ చెప్పినట్టు లేదు. పునాది సరిగ్గా ఆ కాలువ మీదే వేశారు. పడమటి సగంలో పడిన నీటికి దారి పోయింది. అది నేలలో ఇంకి, గదుల పునాదుల కిందికి చేరింది.

తమ్ముడి వాటాలో ముగ్గురు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు. కొడుకులు 1980ల చివర్లో గదులు పంచుకుంటూ తెల్లకాగితం మీద రాసుకున్నారు. ఆడపిల్లలను పిలవలేదు, రిజిస్ట్రేషన్ చేయించలేదు. ఈ రెండు సంగతులూ తర్వాత పెద్దవయ్యాయి. ఒకాయన చెన్నైలో, ఒకాయన హైదరాబాద్‌లో స్థిరపడ్డారు. గదులు అద్దెకు వెళ్ళాయి. వసారాలో డాక్టరు క్లినిక్, పై హాల్లో ట్యుటోరియల్, వెనక వడ్ల కొట్లలో ఎరువుల గోడౌన్. 1960 అద్దె నియంత్రణ చట్టం కింద పాత కిరాయిదార్లను కదిలించడం అప్పట్లో సులభంగా ఉండేది కాదు, అద్దె పెంచడమూ అంతే. నెలకు వచ్చే కొన్ని వందలు మున్సిపల్ పన్నుకే చాలేవి కావు. ఆ డబ్బుతో కప్పు బాగుచేయించమని ఇంటాయనను ఏమని అడుగుతాం? ఊళ్ళో నేను చూసిన చాలా మేడలు ఈ దశలోనే దెబ్బతిన్నాయి.

ఎరువుల గోడౌన్ సంగతి విడిగా చెప్పాలి. ఎరువులంటే ఉప్పులే. బస్తాలు గోడలకు ఆనించి ఏళ్ళ తరబడి పెట్టారు. చెమ్మ ఉన్న గోడ ఆ ఉప్పులను పీల్చుకుంది. వేసవిలో ఆరినప్పుడు అవి ఇటుక లోపలే గడ్డకట్టి, ఇటుకను పొడిపొడిగా రాల్చేశాయి. భుజం ఎత్తు వరకూ గోడ మూడంగుళాలు లోపలికి తినేసినట్టు ఉండేది.

1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపానుకు మిద్దె మీది పెంకులు చాలా లేచిపోయాయి. అప్పుడు ఎవరి భాగం వాళ్ళు బాగుచేసుకున్నారు. సున్నం పని తెలిసినవాళ్ళు అప్పటికే తక్కువ, సిమెంటు మాత్రం సందు చివర షాపులోనే దొరికేది. కప్పు మీద రెండున్నర అంగుళాల సిమెంటు కాంక్రీటు పోశారు. చదరపు అడుక్కి దాదాపు 14 కిలోల అదనపు బరువు అది. వాలు పోయింది. పక్కింటివాళ్ళు తమ గోడ మీద నీళ్ళు పడుతున్నాయని గొడవపెడితే నాలుగు తూములు మూసేశారు. బయటి గోడలకు కూడా సిమెంటు పూత వేయించారు. కొన్నాళ్ళకు వెయ్యి లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకులు రెండు వచ్చి కప్పు మీద కూర్చున్నాయి. నిండితే ఒక్కోటి టన్ను.

పరీక్షలో తేలింది

మొదట అన్ని గదుల్లో దంతెలను సుత్తితో తట్టి విన్నాం. గట్టి కలప ఖంగుమంటుంది, పుచ్చింది బొదబొదమంటుంది. అనుమానం వచ్చిన చోట సన్నటి డ్రిల్లుతో లోతు చూశాం. గోడల్లో తేమను మీటరుతో కొలిచాం. పగుళ్ళ మీద గాజు బిళ్ళలు అతికించి 2022 వానాకాలం అంతా వదిలేశాం. పగులు కదులుతుంటే బిళ్ళ చిట్లుతుంది. ఇంటివాళ్ళకు ఇంత ఆలస్యం నచ్చలేదు, బిల్డరు ఒత్తిడి కూడా ఉంది. అయినా ఒక వానాకాలం చూడకుండా పాత ఇంటి మీద తీర్పు రాయడం నాకు ఒప్పుదల కాదు.

దంతెలు నడుమ భాగంలో నూరేళ్ళ తర్వాత కూడా ఉక్కులా ఉన్నాయి. పుచ్చిందల్లా గోడలోకి దిగిన చివరలు, గట్టిగా చెప్పాలంటే అడుగు మేర. అదీ అన్ని గోడల్లో కాదు. కింది అంతస్తు ప్లాను మీద పుచ్చిన చివరలను ఎర్ర రంగుతో, మూసిన తూములను, తెగిన కాలువను నీలం రంగుతో గుర్తుపెట్టి, తెల్లకాగితం పంపకాల హద్దులను నల్లగీతలతో వేశాను. ఎరుపు, నీలం రెండూ నల్లగీతల పక్కనే పేరుకున్నాయి. ఒకరి భాగం అయిపోయి ఇంకొకరి భాగం మొదలయ్యే చోట తూము ఎవరిదో తేలలేదు. ఇద్దరి కాంక్రీటు కలిసే చోట అతుకు పగిలింది. దాన్ని ఎవరూ పూడ్చలేదు. కూలిన గది కప్పు కూడా సరిగ్గా అలాంటి హద్దు మీదే ఉంది, పైన ఒక ట్యాంకుతో సహా.

సిమెంటు పూత చేసిన చెడుపు కూడా అక్కడే కనపడింది. సున్నపు గోడ తేమను పీల్చి వదులుతుంది. బయట సిమెంటు వేస్తే వదిలే దారి మూసుకుపోతుంది. పైనుంచి దిగిన నీరు గోడలోనే ఉండిపోయి దంతె చివరలను ఏళ్ళ తరబడి నానబెట్టింది.

గాజు బిళ్ళల్లో చిట్లినవి మండువ అడ్డగోడ పక్కన ఉన్నవి మాత్రమే. అక్కడ గుంత తీసి చూస్తే పునాది చుట్టూ మట్టి బురదగా ఉంది. మిగతా గోడలు వెంట్రుకవాసి కదల్లేదు. నా నివేదికలో ఇల్లు నిలబడుతుందని, కాంక్రీటు తీసేసి, దంతెల చివరలు బాగుచేసి, నీళ్ళ దారి తెరిస్తే చాలని రాశాను. పైకప్పు మీద అధికారం, బాధ్యత ఒక్కచోట లేకపోతే ఈ మరమ్మతుకు డబ్బు పెట్టవద్దని కూడా అదే నివేదికలో రాశాను. ఇంజినీరు చెప్పాల్సిన మాట కాదని ఒకాయన అన్నారు. చెప్పాల్సిన మాటేనని ఇప్పటికీ నా నమ్మకం.

పారీఖత్తు

ఇక్కడ కథ ఆడపిల్లల దగ్గరికి వచ్చింది. మన రాష్ట్రం 1985లోనే సవరణ తెచ్చి పెళ్ళికాని కూతుళ్ళకు పిత్రార్జితంలో హక్కు ఇచ్చింది. 2005 కేంద్ర సవరణతో పెళ్ళి అయినవాళ్ళకూ హక్కు వచ్చింది. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరు పత్రంతోనో కోర్టు డిక్రీతోనో జరిగిన పంపకాలను ఆ చట్టం కదిలించదు. తెల్లకాగితం మీద జరిగినదానికి ఆ రక్షణ లేదు. తండ్రి 2005 నాటికి బతికి ఉండాలన్న మెలిక కూడా 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పుతో తొలగింది. కుటుంబ వకీలు ఇదంతా వివరించాక, అన్నదమ్ములు ముగ్గురే సంతకాలు పెడితే బిల్డరు అగ్రిమెంటు నిలవదని అందరికీ అర్థమైంది.

ఇద్దరు కూతుళ్ళలో పెద్దామె రిటైరైన టీచరు. వాటా తీసుకుని పక్కకు తప్పుకోకుండా ఇల్లు ఉంచుదామని పట్టుబట్టారు. వసారాలో అందరూ కూర్చున్న రోజు చెన్నై తమ్ముడు, "అక్కా, డెవలప్‌మెంట్‌కి ఇస్తే తలా ఒక ఫ్లాటు వస్తుంది గదా, ఏ టెన్షనూ ఉండదు" అన్నారు. ఆమె నెమ్మదిగానే అడిగారు: "ఫ్లాటు మీద స్లాబు నీదా రా, నాదా? అక్కడా ఉమ్మడే గదా. చెన్నైలో నెల నెలా మెయింటెనెన్స్ కడుతున్నావు గదా, తాత కట్టిన ఇంటికి ఎందుకు కట్టవు?"

నా నివేదిక చేయలేని పని ఆ మాట చేసింది. కుటుంబం ఒక రిజిస్టర్డ్ పారీఖత్తు, అంటే పంపకాల పత్రం, రాసుకుంది. మేడ కట్టించిన పెద్దాయన పెద్ద కొడుకు వైపు వాళ్ళూ అందులో చేరారు. గదులు ఎవరివి వాళ్ళవి. మిద్దె పైభాగం, మండువ, బావి, కాలువలు, బయటి గోడలు ఎవరి వాటాలోకీ రావు. వాటి కోసం ఉమ్మడి బ్యాంకు ఖాతా, ఒక మనిషికి రిజిస్టర్డ్ పవర్ ఆఫ్ అటార్నీ, వాటాల ప్రకారం ప్రతివాళ్ళ నెలసరి చెల్లింపు. ఆ మనిషి పెద్దామే. అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో ఉండే నియమాలనే వకీలు ఈ ఇంటికి తగ్గట్టు రాశారు. ఇలాంటి పత్రం రాయించుకున్న పాత ఇల్లు నేను అంతకుముందు చూడలేదు.

డబ్బు ఎక్కడిది? వెనక బండ్ల సావిడి స్థలం, దాని పక్క రెండు కొట్లు అంకణాల (ఇక్కడి స్థలం కొలత) లెక్కన అమ్మారు. ఆ సావిడి కలప పని ఇంట్లో మిగతా అన్నిటికంటే అందమైనది. దాన్ని కొలిచి, ఫోటోలు తీసి, పగలకుండా విప్పించాం. ముందు భాగం దక్కాలంటే వేరే దారి లేదని నేనే సలహా ఇచ్చాను. అది సరైన సలహానే, బాధ మాత్రం ఉంది. ఎరువుల గోడౌన్ ఆయన కొంత మొత్తం తీసుకుని రాజీగా ఖాళీ చేశారు. క్లినిక్ ఉండిపోయింది, కొత్త అద్దెకు.

పని

2023 సంక్రాంతి తర్వాత మొదలుపెట్టి వానలలోపు కప్పు ముగించాలని పెట్టుకున్నాం. మొదట ట్యాంకులు దించాం. కాంక్రీటును చిన్న ముక్కలుగా చేత్తోనే కొట్టి తీశాం. బ్రేకరు వాడితే కింద నిలబెట్టిన ఇటుకలు అదిరి రాలతాయి. మండువ అడ్డగోడ తీసేశాం. రాతి కాలువ చాలావరకు చెక్కుచెదరకుండా దొరికింది.

దంతెల పుచ్చిన చివరలను గట్టి కలప వచ్చేదాకా కోసి, పాత టేకు ముక్కలను ఏటవాలు అతుకుతో, స్టెయిన్‌లెస్ బోల్టులతో కలిపాం. పాత టేకు కోసం కారైకుడి వెళ్ళాం. పడగొట్టిన ఇళ్ళ కలప అక్కడ దొరుకుతుంది. చివరలను గోడలో పెట్టేటప్పుడు చుట్టూ గాలి ఆడే ఖాళీ వదిలాం. మా ఆచారి పట్టుబట్టి చేయించిన పని అది.

సున్నం పులికాట్ వైపు గుల్లలు కాల్చినది. నీళ్ళలో చల్లార్చి, జల్లించి, నెల పాటు గుంతలో నాననిచ్చాం. కూలిన కప్పు ఇటుకలు తక్కువగా కాలినవి, వాటిని పొడి కొట్టి సుర్ఖీగా కలిపాం. సున్నంతో కలిసి గట్టిపడే గుణం అలాంటి ఇటుక పొడికే ఎక్కువ. గానుగకు ఎద్దులు లేవు, మోటారు గ్రైండరు వాడాం. మిద్దె కొట్టే పని తెలిసిన పెద్ద బేల్దారులు ఇద్దరు దొరికారు, వాళ్ళ దగ్గర కుర్రాళ్ళు నేర్చుకున్నారు. కొట్టాల్సిన దెబ్బ ఎంత బరువుగా ఉండాలో మాటల్లో చెప్పలేరు, పక్కన కూర్చుని చేతితో చూపించాల్సిందే.

గోడలకు సిమెంటు పూత వొలిచి, వేసవి అంతా ఉత్తగా వదిలేశాం. రోహిణి కార్తె ఎండ ఎన్నో ఏళ్ళ చెమ్మను లాగేసింది. అదే ఎండ కొత్త సున్నపు పూతకు శత్రువు, త్వరగా ఆరితే బీటలు వేస్తుంది. అందుకని పూత పని ఆగస్టుకు పెట్టుకుని, తడి గోనెపట్టాలు వేలాడదీశాం. మొత్తం మీద చదరపు అడుక్కి కొత్త కట్టడానికి అయ్యేదాంట్లో సగం ఖర్చయింది. అందులో ఎక్కువ భాగం కూలీకి పోయింది, సామానుకు తక్కువే.

2023 డిసెంబరు మొదట్లో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. నెల్లూరులో వాన దంచికొట్టింది. పదకొండు తూములూ పారాయి. పై హాలు, పాత కప్పు కలిసే మూల ఒక్క చోట చెమ్మ దిగింది. వాన వెలిశాక అక్కడి పెంకులు తీసి మళ్ళీ వేశాం.

ఇప్పుడు పై హాల్లో పోటీ పరీక్షల పిల్లలకు స్టడీ హాలు నడుస్తోంది. మందం గోడల వల్ల మేలో కూడా ఏసీ ఖర్చు తక్కువని నడిపేవాళ్ళు అంటారు. అద్దెల్లో ఒక భాగం నేరుగా ఉమ్మడి ఖాతాలో పడుతుంది. ఏటా సెప్టెంబరు చివర తూములు, కాలువ శుభ్రం చేసి ఫోటో తీసి వాటాదార్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాలని పత్రంలోనే రాశారు. హైదరాబాద్ ఆయన చెల్లింపు రెండుసార్లు ఆలస్యమైంది, పెద్దామె ఫోన్ చేసి కట్టించారు.

మిగిలిన కొట్ల గోడల్లో ఎరువుల ఉప్పు ఇంకా ఉంది. కాగితం గుజ్జు తడిపి గోడకు పట్టించి, ఆరాక తీసేస్తే ప్రతిసారీ కొంత బయటికి వస్తోంది. పూర్తిగా పోవడానికి ఏళ్ళు పడుతుంది, అంతవరకు అక్కడ మెత్తటి సున్నపు పూతే వేసి, రాలినప్పుడల్లా మళ్ళీ వేస్తాం. పై హాలు ఇనుప దూలాలు గోడలోకి దిగే చోట తుప్పు కనపడుతోంది. హాలు ఖాళీ చేయిస్తే తప్ప వాటిని విప్పి చూడలేం. పరీక్షలు అయ్యేదాకా ఆగమని పిల్లలు అడిగారు. కింద జాకీలు పెట్టి ఆగుతున్నాం.